హెరాక్లీస్ గారి కుమ్మరి సారె

మనిషికి ముఖం ఎందుకున్నదో తేల్చడానికి తత్వవేత్తలు రెండున్నర వేల ఏళ్లు తడుముకున్నారు. కిందటేడు ఆత్మకూరులో, ఒక ఎరువుల దుకాణం పై అంతస్తులో, ఆ ప్రశ్న శాశ్వతంగా పరిష్కారమైంది. ముఖం ఉన్నది సరిపోల్చడానికి. ఏ ముఖమూ తనంతట తాను ముఖం కాదు. ముందే ఎక్కడో నమోదైన ఇంకో ముఖంతో నూటికి తొంభై పాళ్లు కలిసిన క్షణంలో అది ముఖమవుతుంది. అందాకా అది ముక్కూ చెవులూ ఉన్న చర్మం మాత్రమే.

ఈ సిద్ధాంతాన్ని అమలు చేసే కార్యాలయం పేరు హస్తవృత్తుల ముఖ సరిపోలిక విభాగం. దాన్ని నడిపే మాల్యాద్రి గారి హోదా ముఖాల సహాయ అధికారి. (ముఖాల అధికారి పోస్టు కూడా మంజూరైంది. దానికి సరిపోయే ముఖం ఇంకా దొరకలేదు.) విభాగానికి హస్తసిరి అని ఒక యాప్ ఉంది. అది చేతిపనివాళ్లకు యంత్రాలు ఇస్తుంది: వడ్రంగికి రంపం, కుమ్మరికి కరెంటుతో తిరిగే సారె. చేతులతో పనిచేసేవాళ్ల కోసం పెట్టిన పథకం కాబట్టి చేతులు తప్ప అన్నీ పరిశీలిస్తుంది.

అనంతసాగరం పక్క పల్లెలో ఉండే పెంచలమ్మకు ఆ కరెంటు సారె కావలసి వచ్చింది.

కుమ్మరి ఇళ్లలో ఆడవాళ్లు మట్టి తొక్కాలి, రాళ్లు ఏరాలి, కుండల్ని వాములో పేర్చి కాల్చాలి, సంతకు మోయాలి. సారె మీద మాత్రం కూర్చోకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. సారె మీద కూర్చున్నవాళ్లే పెట్టి ఉండాలి. పదకొండేళ్ల కిందట పెంచలమ్మ భర్త వెంగయ్య సారె మీది నుంచి లేచి, షేర్ ఆటో కొనుక్కుని, డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. ఖాళీ అయిన చోట పెంచలమ్మ కూర్చుంది. ఊరు వారం రోజులు మాట్లాడి, ఎనిమిదో రోజు కడవ అవసరమై ఊరుకుంది.

బండచక్రం లాంటి ఆ సారెను కర్రతో తిప్పీ తిప్పీ ఆమె కుడి భుజం అరిగిపోయింది. ఇప్పుడా చెయ్యి చెవి దాటి పైకి లేవదు. ఆత్మకూరు డాక్టరు ఫోటో తీసి చూసి, సారె ఆపకపోతే చెయ్యే ఆగిపోతుందని చెప్పాడు. పెంచలమ్మకు తెలిసిన పని అదొక్కటే. అందుకని సారె ఆపకుండా తిప్పడం ఆపే మార్గం కోసం దరఖాస్తు చేసుకుంది.

ఇక్కడ దయాసాగర్ గారి గురించి చెప్పాలి. ఆయన ఆత్మకూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. నెల్లూరులో పాత పుస్తకాల బండి మీద ఆయనకు ఒక లావు పుస్తకం దొరికింది. దాన్నిండా ప్రాచీన గ్రీకు కుండల రంగు బొమ్మలు: ఎర్రమట్టి మీద నల్లటి వీరులు. మన ఎర్రమట్టి కూడా ఆ మట్టికి ఏమీ తీసిపోదని ఆయనకు అనిపించింది. పెంచలమ్మ చేత ఆ అచ్చులో కుండలు చేయించి, వాటి మీద నల్లపూతతో వీరుల్ని గీసి, కాల్పించడం మొదలుపెట్టారు.

"ఈ కుండకి పిడుల మాదిరి రెండు చెవులు ఎందుకయ్యోరా?" అని మొదటి రోజే అడిగింది పెంచలమ్మ.

"ద్రాక్షసారాలో నీళ్లు కలుపుకునేదానికి. గ్రీకులు అట్టనే తాగేవాళ్లు."

"నీళ్లు కలుపుకోని తాగేవోళ్లు ఇన్ని యుద్ధాలు చేసినారా?"

కుండలు బాగానే పోయేవి. ఆత్మకూరులో నెల్లూరు రోడ్డు పక్కన పెడితే, కొత్త ఇళ్లు కట్టుకున్నవాళ్లు గేటుకు అటొకటి ఇటొకటి పెట్టుకోవడానికి కొనేవారు. అన్నిటికంటే గిరాకీ అకిలీస్, అజాక్స్ అనే ఇద్దరు వీరుల కుండకు. బయట యుద్ధం జరుగుతుంటే వాళ్లిద్దరూ ఈటెలు పక్కన పెట్టి, వంగి కూర్చుని పాచికలాడుతూ ఉంటారు. కలిగిరిలో ఒక కార్యాలయం సిబ్బంది ఆ కుండలు నాలుగు తీసుకుపోయారు. తమను అర్థం చేసుకున్న కళాకారుడు ఇన్నాళ్లకు దొరికాడని చెప్పారట.

గ్రీకు చిత్రకారులకు రెండు అలవాట్లు. ఎంత గొప్ప వీరుణ్నైనా పక్క నుంచే గీస్తారు, అందువల్ల ఒక కన్నే కనిపిస్తుంది. రెండు, బొమ్మ పక్కనే పేరు రాస్తారు. రాయకపోతే గడ్డమున్న ప్రతివాడూ ఒకేలా ఉంటాడు. (ఈ ఇబ్బంది మన ఫ్లెక్సీలకూ ఉంది.) దయాసాగర్ గారు ఈ రెండు అలవాట్లనూ భక్తిగా పాటించారు. పేర్లు మాత్రం తెలుగులో, ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద తిరిగిన గుండ్రటి చేతిరాతతో.

నమోదు రోజున పెంచలమ్మ వాము విప్పింది. వాళ్లింట్లో ఒక ఆచారముంది. వాములోంచి తీసిన మొదటి కుండను నేల మీద పెట్టకూడదు, మరొకరి చేతికి ఇవ్వకూడదు. రెండు చేతులతో ఇంటికి మోసుకుపోయి, లోపల నీళ్లు పోసి, ఆ తర్వాతే దించాలి. ఆమె ఆ పనిలో దారిలో ఉండగా, గ్రామ ముఖ సహాయకురాలు నిరోష ఫోను పట్టుకుని ఎదురొచ్చింది.

"అత్తా, ఆగు. సారె కోసం మొగం తీసుకోవాల."

"ఇప్పుడా? మొగమంతా బూడిద మే. కడుక్కోనొస్తా ఉండు."

"నెట్ ఇప్పుడే వచ్చింది. నువ్వు కడుక్కోనొచ్చేలోపు పోతాది. ఇంకా నలభై మంది ఉండారు నాకు."

"చేతిలో మొదటి కుండ ఉండాది గదా. దించకూడదు."

"దించొద్దులే. పట్టుకోనే నిలబడు. గమ్మునుండు, కదలబాక."

పెంచలమ్మ కదల్లేదు. బూడిద ముఖాన్ని ప్రభుత్వానికి చూపించడానికి సిగ్గుపడి, కుండను మాత్రం ముక్కు దాకా ఎత్తింది. ఆ కుండ మీద సింహం తల టోపీలా పెట్టుకుని, దాని నోట్లోంచి గడ్డం బయటకు పెట్టి, గ్రీకుల మహాబలుడు హెరాక్లీస్ ఉన్నాడు.

యాప్ ఆయన్ని చూసింది. 'ఒక కన్ను దొరికింది. రెండో కన్ను ఉన్నదా?' అని అడిగింది. ఎండకు తెర సరిగా కనిపించక, అత్త కన్ను కుండ చాటున పడిందేమో అనుకుంది నిరోష. 'ఉన్నది' నొక్కితే యాప్ మళ్లీ మొదటికి పోతుందని ఆమెకు అనుభవం. 'లేదు' నొక్కింది. ఒంటికన్ను వారికి రెప్ప ఆర్పే పరీక్ష మినహాయింపు కాబట్టి యాప్ ఆ మెట్టు దాటేసింది. పక్కనున్న అక్షరాలు తానే చదువుకుని పేరు గడి నింపింది. గడ్డం చూసి లింగం గడి నింపింది. అంతా కలిపి పదకొండు సెకన్లు. జిల్లాలో ఆ నెల అదే అతి వేగవంతమైన నమోదు. నిరోషకు ప్రశంసాపత్రం వచ్చింది.

(దయాసాగర్ గారి పుస్తకం మొత్తంలో పాస్‌పోర్టు నిబంధనల ప్రకారం సూటిగా ముందుకు చూసే ముఖం దాదాపు ఒక్క మెడూసాదే. ఆమెను చూసినవాళ్లు రాళ్లయిపోతారు. నమోదు సిబ్బందిలో అంత పెద్ద మార్పును పై అధికారులు ఎన్నాళ్లకు గమనించేవారో చెప్పలేం.)

నెల తర్వాత జాబితా వచ్చింది. పెంచలమ్మ ఇంటి నంబరు ఎదురుగా 'హెరాక్లీస్, పురుషుడు, ఒక కన్ను, కుమ్మరి' అని ఉంది. ఆమె దయాసాగర్ గారిని వెంటబెట్టుకుని ఎరువుల దుకాణం పక్క మెట్లెక్కింది.

"ఈ హెరాక్లీస్ మీకేమవుతాడమ్మా?" అని అడిగారు మాల్యాద్రి గారు.

"ఏమీ కాడు సారూ. కుండ మీద బొమ్మ."

"బొమ్మా, మనిషా అనేది యాప్ చూసుకుంటాది. మీ ఇంట్లో ఉంటాడా, లేడా?"

"ఉంటాడు. వసారాలో."

"అదీ. నివాసం ఖాయమైంది." ఆయన రాసుకున్నారు. "తండ్రి పేరు ఖాళీగా ఉండాది. చెప్పండి."

ప్రశ్న వినగానే జవాబు చెప్పే జబ్బు రిటైరైనా వదలదు. దయాసాగర్ గారు గొంతు సవరించుకున్నారు. "రెండు పేర్లు ఉండాయి సార్. పెంచిన తండ్రి ఆంఫిట్రియాన్. కన్న తండ్రి జెయుస్, వాళ్ల దేవుళ్లకి రాజు. ఆంఫిట్రియాన్ ఊళ్లో లేనప్పుడు, అచ్చం ఆయన మొగమే పెట్టుకోని ఇంట్లోకి వచ్చినాడు."

మాల్యాద్రి గారి పెన్ను ఆగింది. ఆయన ముఖంలో మొదటిసారి వృత్తిపరమైన బాధ కనిపించింది.

"అప్పుడు మా యాప్ ఉండుంటే ఆ కుటుంబానికి ఆ గతి పట్టేది కాదు," అన్నారు మెల్లగా. తర్వాత తెర మీదికి వంగి చూశారు. "తల మీద అదేంది, సింహమా?"

"సింహం తోలు సార్. ఆయనే చంపినాడు."

"బయట ఎక్కడా అనబాకండి. అడవి శాఖవాళ్లకి వేరే యాప్ ఉండాది."

తన ముఖం పెట్టి ఆయన ముఖం తీసేయమని పెంచలమ్మ అడిగింది. మాల్యాద్రి గారు ఓపికగా పద్నాలుగో నిబంధన వివరించారు. ఒక ఇంటికి ఒకే ముఖం. ఒకసారి ఎక్కిన ముఖం మూడు విధాలుగానే దిగుతుంది: ముఖదారు స్వయంగా వచ్చి వదులుకోవాలి, చనిపోవాలి, లేదా ప్రభుత్వోద్యోగం సంపాదించాలి.

మొదటి దారి మరుసటి వారమే మూసుకుపోయింది. పెంచలమ్మ కుండ తెచ్చింది. ఫోను హెరాక్లీస్ ను గుర్తుపట్టి, లబ్ధిని వదులుకుంటున్నట్టయితే రెండు కళ్లూ ఆర్పమంది. ఒంటికన్ను మినహాయింపు తీసుకోవడానికే వర్తిస్తుంది, వదులుకోవడానికి కాదు. (ఏదైనా తీసుకునేవాడు మత్తులో ఉన్నా ఫరవాలేదనీ, వదులుకునేవాడు మాత్రం పూర్తి స్పృహలో ఉన్నాడని తేలాలనీ దీని వెనక ఉన్న ఆలోచన. మానసిక శాస్త్రం కూడా దీన్ని కాదనలేదు.)

"చచ్చిపోయినాడా పోనీ?" అని అడిగారు మాల్యాద్రి గారు, ఆశగా.

"చితి పేర్పించుకోని ఎక్కినాడు సార్. నిప్పు కూడా పెట్టినారు," అన్నారు దయాసాగర్.

"మంచిది. మరణ ధ్రువపత్రం తీసుకురండి."

"కాలిపోయేలోపు మబ్బు దిగి పైకి తీసుకుపోయింది. దేవుళ్లలో కలిసిపోయినాడు. అక్కడ ఇంకో పెళ్లి కూడా చేసుకున్నాడు."

"అంటే చావలా."

"చావలా."

"అయితే అది చిరునామా మార్పు. దానికి కూడా ఆయనే వచ్చి కళ్లార్పాల."

పెంచలమ్మ మాస్టారి వైపు తిరిగింది. "ఇంకెవురూ దొరకలేదా అయ్యోరా గీసేదానికి? అంత లావు పుస్తకంలో సక్రమంగా చచ్చినోడు ఒక్కడు లేడా?"

"ఉండారమ్మా. అకిలీస్ మడమలో బాణం తగిలి పోయినాడు. అజాక్స్ కత్తి మీద పడి పోయినాడు. ఆ కుండని వాములో అడుగున పెట్టింది నువ్వే."

హెరాక్లీస్ కు ప్రభుత్వోద్యోగం అనే మూడో దారి గురించి కూడా కాసేపు చర్చ జరిగింది. పన్నెండు అసాధ్యమైన పనులు చేసిన అనుభవం ఆయనకుంది. వాటిలో ఒకటి ముప్పై ఏళ్లుగా ఎవరూ ఊడ్వని పశువుల కొట్టాన్ని ఒక్క రోజులో కడగడం. అయితే ఆ పనికి ఆయన రెండు నదుల్ని మళ్లించాడు. నీటి శాఖ అనుమతి చూపించలేకపోయారు.

మూడు నెలలు గడిచాయి. పెంచలమ్మ తొమ్మిదిసార్లు మెట్లెక్కింది. నీ ముఖం నీది కాదని ఒక మనిషికి పదేపదే చెబితే లోపల ఏం జరుగుతుందో గమనించదగ్గ విషయం. మొదటిసారి కోపం వస్తుంది. మూడోసారి నవ్వొస్తుంది. ఐదోసారి ఇంటికి పోయి అద్దం చూసుకుంటుంది. ఏడోసారికి అద్దంలో ఉన్నది పరిశీలనలో ఉన్న ఒక దరఖాస్తులా కనిపిస్తుంది. అప్పుడు, ఇన్నాళ్లూ ఈ ముఖాన్ని నిజంగా ఎవరు చూశారన్న అనుమానం మొదలవుతుంది. చూస్తానని అడిగింది ఆ ఫోను ఒక్కటే. అది అడిగినప్పుడు తానేమో కుండ అడ్డం పెట్టుకుంది.

ఒకరోజు ఆటోలో తిరిగొస్తూ, ముందు సీట్లో ఉన్న భర్తను అడిగింది.

"నా మొగం ఎట్టుంటాదో చెప్పు, తిరక్కుండా."

వెంగయ్య ఆలోచించాడు. మలుపు తిప్పాడు. ఒక గేదెను తప్పించాడు. "ఎట్టుంటాది? నీ మొగం మాదిరే ఉంటాది."

"కన్ను కింద మచ్చ ఏ పక్కన?"

"చేజర్లవోళ్లు ఎక్కేతావు వచ్చింది, కొంచెం జరిగి కూచో మే," అన్నాడు వెంగయ్య.

ఈలోగా చెయ్యి ఆగలేదు గాని ఆగేలా ఉంది. దయాసాగర్ గారు సారె తిప్పడానికి ఒక పూట కూర్చుని, మూడు రోజులు పడుకున్నారు. పదోసారి మెట్లెక్కినప్పుడు మాల్యాద్రి గారు బల్ల మీది కాగితం తిప్పి చూపించారు. ఎవరూ తీసుకోని సారెలు శుక్రవారంతో వెనక్కి పోతాయి. మళ్లీ ఎప్పుడొస్తాయో రాసి లేదు.

పెంచలమ్మ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. కుడి చేతిని అక్కడ పెట్టడానికి ఎడమ చేతి సాయం కావలసి వచ్చింది. మాల్యాద్రి గారు అది చూశారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆ కుర్చీలో కూర్చుని చేతుల్ని చూడడం నిబంధనల్లో లేదు, అంతే.

"అమ్మా," అన్నారు, "హెరాక్లీస్ కి సారె మంజూరై మూడు నెలలైంది. తీసెయ్యమని మీరే తిరుగుతుండారు. ఆయన్ని పట్టుకోనొస్తే ఇచ్చేస్తాను గదా."



"ఆ మాట మొదటి దినమే చెప్పుంటే?" అంది పెంచలమ్మ.

"మీరు తీసెయ్యమని అర్జీ పెట్టినారు. ఇమ్మని పెట్టలా. పెట్టిన అర్జీకే జవాబు చెప్పాల మేము."

అయితే యంత్రం తీసుకునే ముందు లబ్ధిదారుడు ఉదయగిరిలో రెండు రోజుల శిక్షణ పొందాలి. పెంచలమ్మ కుండను పాత చీరలో చుట్టి, ఒడిలో పెట్టుకుని బస్సెక్కింది. శిక్షణ గదిలో హెరాక్లీస్ ను మొదటి వరస బెంచీ మీద కూర్చోబెట్టారు. పెంచలమ్మ ఆయన తోడు మనిషి కాబట్టి వెనక గోడ దగ్గర నిలబడి విన్నది. కిటికీలోంచి కొండా, దాని మీద కోటగోడా కనిపిస్తున్నాయి. ఆ గోడలు ఎవరి చేతులు కట్టాయో ఎక్కడా నమోదు కాలేదు, అందుకే ఇంకా నిలబడి ఉన్నాయి.

చెక్క గరిటెలు చెక్కే జయశ్రీ అనే అమ్మాయి భోజనాల దగ్గర పెంచలమ్మ పక్కన చేరింది.

"అక్కా, ఆ ముందు బెంచీలో ఆయన ఎవురు?"

"లబ్ధిదారుడు."

"మాట్లాడడా?"

"మాట్లాడడు. అన్నం పెట్టమనడు. యాడికి పోతుండావని అడగడు. పెట్టినకాడే ఉంటాడు."

జయశ్రీ ముద్ద నోటి దగ్గర ఆపింది. "ఏ ఊరోడక్కా? వాళ్లింట్లో తమ్ముడెవురన్నా ఉండాడా?"

రెండో రోజు సాయంత్రం ఉత్తమ శిక్షణార్థి బహుమతి హెరాక్లీస్ కు ఇచ్చారు. రెండు రోజుల్లో ఒక్కసారి కూడా ఫోను చూడలేదు, బయటికి పోలేదు, టీ గురించి అడగలేదు, సందేహాలతో శిక్షకుణ్ని ఇబ్బంది పెట్టలేదు. అలాంటి అభ్యర్థులే రాష్ట్రానికి కావాలని శిక్షకుడు ప్రసంగించాడు. శాలువా కుండ మెడకు చక్కగా సరిపోయింది.

గురువారం సాయంత్రం సారె ఇంటికి చేరింది. పెంచలమ్మ మీట నొక్కింది. సారె తనంతట తానే తిరిగింది. ఆమె కుడి చెయ్యి కర్ర కోసం గాలిలోకి పోయి, కర్ర లేకపోయేసరికి ఏం చేయాలో తోచక కాసేపు అక్కడే ఆగింది. తర్వాత వచ్చి మట్టి మీద వాలింది. ఆ రాత్రి ఆమె భుజం మీద ఏ నూనే రాసుకోకుండా పడుకుంది. పదకొండేళ్లలో మొదటిసారి.

ఒక భయం మాత్రం మిగిలింది. మంజూరు పత్రం వెనక చిన్న అక్షరాల్లో, లబ్ధిదారుడికి బదులు పరాయివాళ్లు యంత్రాన్ని వాడుతున్నట్టు తేలితే తీసుకుపోతామని ఉంది. దయాసాగర్ గారు అది చదివి వినిపించి, చదివినందుకు బాధపడ్డారు. వీధిలో జీపు చప్పుడైతే చాలు, పెంచలమ్మ మీట ఆపేసి, లేచి, చీపురు పట్టుకునేది.

నెలన్నరకు తనిఖీ రానే వచ్చింది. ఉదయగిరి నుంచి మస్తానయ్య గారు, యంత్రాల సద్వినియోగ పరిశీలకులు. ఆయన జీపులో కాక వెంగయ్య ఆటోలో దిగడం వల్ల పెంచలమ్మకు లేచే వ్యవధి చిక్కలేదు. సారె తిరుగుతోంది. మోచేతుల దాకా మట్టి. చేతుల మధ్య సగం లేచిన కడవ. ఇప్పుడు వదిలితే కూలిపోతుంది. ఆమె వదల్లేదు. తల మాత్రం ఎత్తి చూసింది.

"హెరాక్లీస్ గారు ఉన్నారా?" అన్నారు మస్తానయ్య గారు.

పెంచలమ్మ గడ్డంతో వసారా గోడ వైపు చూపించింది.

మస్తానయ్య గారు కుండ దగ్గరికి పోయి, దాని మీది ముఖానికి ఫోను చూపించారు. నూటికి నూరు పాళ్లు కలిసింది. ఆయన ఉద్యోగ జీవితంలో నూటికి నూరు రావడం అదే మొదలు. (మనుషులకు రాదు. నమోదుకూ తనిఖీకీ మధ్య వాళ్లు కొంత బతికేసి ఉంటారు.) ఆయన గౌరవంగా ఒక అడుగు వెనక్కి వేశారు. తర్వాత సారె దగ్గరికి వచ్చి, కడవ మెడ తీరడం, అంచు తిరగడం, దారంతో కోసి దించడం, అంతా నిలబడి చూశారు.

"నువ్వేనా పనిచేసేది?"

"నేనే సారూ," అంది పెంచలమ్మ. అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. "తీసుకుపోతారా?"

ఆయన తనిఖీ పత్రం తెరిచి, గళ్లు నింపడం మొదలుపెట్టారు. వసారాలో కుండలకు పూత వేస్తున్న దయాసాగర్ గారు లేచొచ్చి ఆయన భుజం మీదుగా చదివారు. లబ్ధిదారుడు ఇంట్లో ఉన్నాడా: ఉన్నాడు. యంత్రం నడుస్తున్నదా: నడుస్తున్నది. యంత్రం మీద పనిచేస్తున్నది ఎవరు: ఇంట్లోని ఆడమనిషి. ఆ సమయంలో లబ్ధిదారుడు ఏం చేస్తున్నాడు: గోడకు ఆనుకుని ఉన్నాడు.

చివరి గడిలో, అసాధారణంగా ఏమైనా గమనించారా అని ఉంది. మస్తానయ్య గారు ఇరవై ఆరేళ్లుగా ఈ జిల్లాలో ఇల్లిల్లూ తిరిగి తనిఖీలు చేసినవారు. క్షణం కూడా ఆలోచించకుండా, ఏమీ లేదు అని రాసి సంతకం చేశారు.